నౌపడ దగ్గర మూడు ఒప్పందాలు

పలాస నుంచి దక్షిణానికి వచ్చే రైలు కాసేపటికి నౌపడ చేరుతుంది. అక్కడ పడమటి వైపు ఒక శాఖా లైను విడిపోయి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపురం వెళ్తుంది. తూర్పున ఉప్పు మడులు. వాటికి అవతల, సముద్రం అంచున, మూలపేట దగ్గర కొత్త రేవు. ఉప్పు, రైలు, రేవు మూడూ కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్నాయి. మూడింటిలోనూ సర్కారు అధికారం ఉంది, ప్రైవేటు సొమ్మో చెమటో ఉంది, ఆ రెంటినీ కలిపి కట్టిన కాగితం ఒకటి ఉంది. ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం (పీపీపీ) అన్న మాట మనకు పాతికేళ్ల కిందట వచ్చింది. ఆ మాట వెనక ఉన్న ఏర్పాటు మాత్రం ఈ తీరానికి రెండు వందల ఏళ్ల నుంచి తెలుసు. ఆ కాగితాలను వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఎవరు కట్టారు, ఎవరు నడిపారు అన్నదాని కన్నా, నష్టం వస్తే ఎవరి నెత్తిన పడాలని రాసుకున్నారు, ఆ రాత గురించి ఊరికి ఎంత తెలిసింది అన్నవే ఈ ప్రాంతపు మంచిచెడ్డలను తేల్చాయి. మొదటి ప్రశ్నకు చట్టం కాలానికో జవాబు చెప్పింది. రెండో ప్రశ్నకు ఒకప్పుడు చెప్పిన కొద్దిపాటి జవాబు కూడా ఇప్పుడు చెప్పడం లేదన్నది నా అభియోగం.

మొదట ఉప్పు. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఈస్టిండియా కంపెనీ ఉప్పు మీద గుత్తాధిపత్యం తెచ్చుకుంది. మడులు కట్టేది, నీరు తోడేది, ఎండలో నిలబడి ఉప్పు గీసేది రైతులే. పండిన ఉప్పు మాత్రం సర్కారు కొఠారులోకే చేరాలి. అప్పగించిన ఉప్పుకు సర్కారు ఇచ్చే సొమ్మును కుడివారం అనేవారు. వ్యవసాయంలో సాగుదారు వాటాకు ఉన్న పేరునే ఉప్పుకూ తగిలించారు. దీంతో అదేదో పంటలో పొత్తులా వినబడేది. కానీ పొత్తులో ధర ఇద్దరూ కలిసి కడతారు. ఇక్కడ కొనే ధరా సర్కారుదే, అమ్మే ధరా సర్కారుదే. కుడివారం ముట్టేది అప్పగించిన ఉప్పుకే కాబట్టి అకాల వర్షానికి మడి కరిగిపోతే ఆ నష్టం రైతుదే. 1870ల చివర్లో ఉప్పు కమిషన్ విచారణ తర్వాత ఎక్సైజు పద్ధతి మొదలైంది. లైసెన్సుదారు ఉప్పు తానే చేసి తానే అమ్ముకోవచ్చు, సుంకం కట్టాలి. 1889 నాటి మద్రాసు ఉప్పు చట్టం ఈ ఏర్పాట్లకు ఒక రూపం ఇచ్చింది. లైసెన్సు లేనిదే ఉప్పు గీయడం నేరం. ఉప్పు సుంకం 1947 ఏప్రిల్ దాకా పోలేదు. సర్కారు చేతిలో ఉంటే చాలు, అది ప్రజల పక్షాన ఉన్నట్టే అనుకునేవారికి ఈ చరిత్ర గుర్తుచేయాలి. ఇక్కడ సర్కారే భాగస్వామి, సర్కారే యజమాని, సర్కారే పోలీసు. మడి గట్టున నిలబడ్డవాడికి ఒప్పందంలో ఒకే హక్కు మిగిలింది, సర్కారు కట్టిన ధరకు ఉప్పు అప్పగించడం.

తర్వాత రైలు. భారతదేశంలో రైళ్లు వచ్చిన తీరును చూస్తే ఇవాళ్టి ఒప్పందాల పూర్వీకులు కనబడతారు. 1849 ఆగస్టులో ఈస్టిండియన్ రైల్వే, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీలతో కుదిరిన ఒప్పందాల్లో లండన్ వాటాదారుల పెట్టుబడికి అయిదు శాతం రాబడి హామీ ఇచ్చారు. భూమి ఉచితం, గడువు 99 ఏళ్లు, మధ్యలో కొనుక్కునే హక్కు సర్కారుకు. రైలు లాభం తెస్తే అది కంపెనీదీ సర్కారుదీ. తేకపోతే లోటు పూడ్చేది భారతీయ పన్నుదారు. హామీ ఉంది కాబట్టి ఖర్చు తగ్గించాలన్న తపన కంపెనీలకు లేకపోయిందన్న విమర్శ ఆ రోజుల్లోనే వచ్చింది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు కూడా హామీ ఉంది, కాకపోతే నాలుగు శాతానికి తగ్గింది. హామీ ఎంత తగ్గినా సూత్రం మారలేదు. ప్రైవేటు పేరు మీద నడిచే పనిలో ప్రమాదం మాత్రం ప్రజలది.

అయితే మన నౌపడ మీదుగా పోయే మెయిన్ లైను కథ వేరు. బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంట వేసిన ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేను సర్కారే సొంతంగా కట్టింది. 1893 నుంచి 1896 వరకు ముక్కలు ముక్కలుగా తెరిచింది. నదుల మీద వంతెనలు కట్టిన ఖర్చంతా ఖజానాదే. అంతా పూర్తయ్యాక 1901, 1902 సంవత్సరాల్లో దక్షిణ భాగాన్ని మద్రాసు రైల్వేకు, ఉత్తర భాగాన్ని బెంగాల్ నాగపూర్ కంపెనీకి అప్పగించింది. కట్టింది సర్కారు, నడిపింది కంపెనీ. ఇవాళ రేవుల విషయంలో ల్యాండ్‌లార్డ్ పద్ధతి అని కొత్తగా చెబుతున్నది ఇదే. కష్టమైన, ఖరీదైన, ప్రమాదమున్న భాగం సర్కారు మోస్తుంది, రాబడి వచ్చే భాగాన్ని కంపెనీ నడుపుతుంది. దీన్ని తప్పని నేను అనను. ఆ లైను లేకపోతే పలాస ఇవాళ జీడిపప్పు బజారుగా దేశానికి తెలిసేది కాదేమో. కానీ ప్రైవేటు వస్తే తప్ప పెద్ద పనులు జరగవని ఎవరైనా అన్నప్పుడు ఈ తీరంలో నూట పాతికేళ్లుగా రైళ్లు నడుస్తున్న పట్టాలను చూపించవచ్చు. వాటిని వేసిన సొమ్ము ప్రజలది.

ఆ మెయిన్ లైనుకు వచ్చి కలిసిన చిన్న లైను ఇంకా ఆసక్తికరం. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ తన పట్నాన్ని నౌపడతో కలపాలని తలపెట్టారు. దూరం సుమారు 25 మైళ్లు. రెండడుగుల ఆరంగుళాల వెడల్పున్న చిన్న గేజి, సుమారు ఏడు లక్షల రూపాయల ఖర్చు. పర్లాకిమిడి లైట్ రైల్వే అన్న పేరుతో 1900 ఏప్రిల్ 1న రాకపోకలు మొదలయ్యాయి. మొదటి పదేళ్లు నష్టాలే. 1910 తర్వాత కొద్దిపాటి లాభం, 1924-25 తర్వాత మెరుగైన లాభం. ఆ లాభాల ధైర్యంతోనే తర్వాతి రాజా కృష్ణచంద్ర గజపతి కాలంలో 1929, 1931 సంవత్సరాల్లో రెండు విడతలుగా లైను గుణుపురం చేరింది. ఇందులో నాకు ముఖ్యంగా కనబడేది ఆ మొదటి పదేళ్ల నష్టం. అది కట్టించినవాడి మీదే పడింది. లండన్ వాటాదారుకు దొరికిన అయిదు శాతం, నాలుగు శాతం గొడుగు ఈ బుల్లి రైలుకు లేదు. పాతికేళ్లు ఓపిక పడితే గాని సరైన లాభం రాని పనిని ఆ ఎస్టేటు వదిలిపెట్టలేదు. ఎందుకంటే ఆ రైలు మోసే ధాన్యం, కలప, మనుషులు, సంతలు ఆ ఎస్టేటువే. రైలులో పోగొట్టుకున్నది సంతలో కొంతైనా తిరిగొచ్చేది. పెట్టుబడి పెట్టినవాడు ఆ ఊరితో పాటే బాగుపడాలి, ఊరితో పాటే చెడాలి అన్న ముడి ఒకటి అక్కడ ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. జమీందారు సొమ్ము అంటే ఎవరి సొమ్ము? రైతు కట్టిన శిస్తే కదా. 1908లో ఎస్టేట్ల భూమి చట్టం వచ్చేదాకా మద్రాసు జమీందారీ రైతుకు గట్టి రక్షణే లేదు. అలాంటప్పుడు నష్టాన్ని రాజా భరించాడని చెప్పడం సగం నిజమే, మిగతా సగం రైతు భరించాడు. ఒప్పుకుంటాను. జమీందారీని తిరిగి తెచ్చుకోవాలని గానీ, రాజులు మంచివారు, కంపెనీలు చెడ్డవి అని గానీ ఈ ఉదాహరణ చెప్పడం లేదు. నేను చూస్తున్నది ఒప్పందం ఆకృతిని. పెట్టుబడిదారుకు నష్టం తగిలేలా ఉన్న ఏర్పాటు పాతికేళ్లకు నిలదొక్కుకుంది. నష్టం తగలకుండా హామీ ఉన్న ఏర్పాట్లు దశాబ్దాల పాటు ఖజానాకు భారమయ్యాయి. రైతు శిస్తు రెండింటిలోనూ ఉంది. ఒకచోట అది కళ్లెదుటి రైలుగా మారింది, మరోచోట సముద్రం దాటి వడ్డీగా పోయింది.

రాజా రైలు రాజా ఇష్టానుసారం నడిచిందనుకోవడం కూడా పొరపాటు. 1890 నాటి రైల్వే చట్టం చిన్న లైనుకూ పెద్ద లైనుకూ ఒకే రకంగా వర్తించింది. సర్కారు ఇన్‌స్పెక్టరు పరీక్షించి సరేననందే ప్రయాణికులను ఎక్కించకూడదు. ఒక రైల్వే తెచ్చిన సరుకును ఇంకో రైల్వే జాప్యం లేకుండా, పక్షపాతం లేకుండా అందుకుని ముందుకు పంపాలి. నౌపడలో బెంగాల్ నాగపూర్ లాంటి మహా కంపెనీ, ఈ చిన్న లైను బస్తాలను పక్కన పడేసి తన బస్తాలను ముందు ఎక్కించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అన్నిటికన్నా నాకు నచ్చిన నిబంధన ఇంకొకటి ఉంది. ప్రతి స్టేషన్లోనూ అందరికీ కనబడే చోట రైళ్ల వేళలు, చార్జీల పట్టిక అతికించాలి. ఇంగ్లీషులో ఒకటి, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాషలో ఒకటి. వలస పాలకులు చేసిన చట్టం ఇది, ప్రజల మీద ప్రేమతో చేసింది కాదు. అయినా టెక్కలి స్టేషనుకు వచ్చిన రైతు నుంచి ఎంత వసూలు చేయవచ్చో ఆ గోడ చెప్పాలి, అతని భాషలో చెప్పాలి అని ఆ చట్టం కంపెనీని ఆదేశించింది.

తర్వాతి కాలాన్ని త్వరగా దాటవచ్చు. 1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, గుణుపురం అటు, టెక్కలి, పాతపట్నం ఇటు పడ్డాయి. ఒక రాజా వేసిన రైలు రెండు రాష్ట్రాల మధ్య నడిచేదయింది. 1944లో బెంగాల్ నాగపూర్ రైల్వేను సర్కారు స్వాధీనం చేసుకుంది. స్వాతంత్ర్యం తర్వాత చిన్న లైను కూడా దేశపు రైల్వేలో కలిసిపోయింది. 2004లో చిన్న గేజి ఆగి, 2011 నాటికి గుణుపురం దాకా బ్రాడ్‌గేజి వచ్చింది, ప్రజల సొమ్ముతోనే. నాలుగైదు దశాబ్దాల పాటు రోడ్డు, రైలు, రేవు, కరెంటు అంటే సర్కారు పనులే. 1990లలో గాలి మారింది. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి ప్రైవేటుకు దారి తెరిచారు. రాజ్యాంగం పెద్ద రేవులను కేంద్రానికి ఉంచి, మిగతా రేవులను ఉమ్మడి జాబితాలో పెట్టింది కాబట్టి రాష్ట్రాలకు తీరం మీద చెయ్యి దొరికింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని బాగా వాడుకుంది. కాకినాడ, గంగవరం, కృష్ణపట్నం రేవులన్నీ ఆ దారిలోనివే. గంగవరం ఒప్పందం 30 ఏళ్లకు, పొడిగింపులతో 50 ఏళ్ల దాకా. సర్కారుకు ముట్టేది స్థూల ఆదాయంలో 2.1 శాతం.

ఇదే కాలంలో, 2001లో, రాష్ట్రం మౌలిక వసతుల అభివృద్ధికి ప్రత్యేక చట్టం చేసింది. దేశమంతటికీ వర్తించే ఇలాంటి చట్టం కేంద్రంలో లేదు. అందువల్ల ఈ రాష్ట్ర చట్టానికి ప్రాముఖ్యం ఉంది. ప్రాజెక్టులను పరిశీలించడానికి ఒక అథారిటీ, తగవులు తీర్చడానికి ఒక రాజీ మండలి, డెవలపర్‌ను ఎంచుకోవడానికి పద్ధతులు ఇందులో ఉన్నాయి. వాటిలో స్విస్ చాలెంజ్ అన్నది ఒకటి. ఒక కంపెనీ తానే ప్రతిపాదన తెస్తుంది, దాని మీద పోటీ పిలుస్తారు, ఎవరైనా మెరుగైన ధర చెబితే మొదటి కంపెనీకి ఆ ధరకు సరితూగే అవకాశం ఇస్తారు. ఈ పద్ధతి చెల్లుతుందని 2009లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2016లో అమరావతి రాజధాని విషయంలో మాత్రం మొదటి ప్రతిపాదకులు సర్కారుకు ఇవ్వజూపిన ఆదాయ వాటాను పోటీదారులకు చెప్పకుండా దాచారన్న ఫిర్యాదు మీద హైకోర్టు ఆ ప్రక్రియను నిలిపివేసింది. దాని తర్వాత చట్టాన్నే సవరించారు. పోటీకి వచ్చిన కంపెనీకే వాటా ఎంతో తెలియనప్పుడు, భూమి పోగొట్టుకునే ఊరికి తెలుస్తుందని ఎలా అనుకుంటాం? 2001 చట్టాన్ని మొత్తంగా చదివితే అది ఇద్దరి మధ్య వ్యవహారాన్ని చక్కదిద్దడానికి రాసిన చట్టం. సర్కారు ఒక చివర, డెవలపర్ మరో చివర. రాజీ మండలి ఉన్నది ఆ ఇద్దరి తగవులకు. మూలపేట రైతో, పక్కనున్న భావనపాడు మత్స్యకారుడో దాని ముందు పక్షం కాదు.

పక్షం కాకపోవడం చిన్న విషయం కాదు. 1872 నాటి ఒప్పందాల చట్టం మీద మన కోర్టులు నిలబెట్టిన సూత్రం ఒకటుంది. ఒప్పందంలో లేనివాడు, దానివల్ల తనకు మేలు జరగాలని అందులో రాసి ఉన్నా, మామూలుగా దాని మీద దావా వేయలేడు. స్థానికులకు ఉద్యోగాలిస్తామనో, ఊరికి రోడ్డు వేస్తామనో ఒప్పందంలో ఉంటే దాన్ని అమలు చేయమని అడగగలిగేది సంతకం చేసిన సర్కారే. సర్కారు అడగకపోతే ఊరికి మిగిలేది హైకోర్టులో రిట్ పిటిషనో, రోడ్డు మీద ధర్నానో. దీనికి జవాబుగా, ఎన్నికైన ప్రభుత్వం సంతకం చేసిందంటే ప్రజలు చేసినట్టే కదా అంటారు. ప్రజాస్వామ్యంలో అది కాదనలేని మాటే. మూలపేట రేవుకు తొలి పేరైన భావనపాడు రేవు సంగతి చూస్తే ఆ మాటకు ఎంత దూరం సాగే శక్తి ఉందో తెలుస్తుంది. 2015 నాటి భూసేకరణ ప్రకటనలతో ఆ ఊళ్లలో ఆందోళన మొదలైంది. 2018లో పీపీపీ పద్ధతిలో టెండరు పిలిచి అదానీ పోర్ట్స్‌ను ఎంచుకున్నారు. ప్రభుత్వం మారింది, పద్ధతీ మారింది. సర్కారీ సంస్థ ద్వారా అప్పు తెచ్చి కట్టి, తర్వాత ఆపరేటర్లకు ఇవ్వాలన్న నిర్ణయంతో 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన జరిగింది. వ్యయం 4,362 కోట్ల రూపాయలు, నాలుగు బెర్తులు, ఏటా సుమారు 2.35 కోట్ల టన్నుల సామర్థ్యం. మూలపేట, విష్ణుచక్రం వాసులకు నౌపడ దగ్గర పునరావాసం చూపారు. రెండు పద్ధతులకూ తేడా నేలకూ ఆకాశానికీ ఉన్నంత. మొదటిదాంట్లో అప్పు కంపెనీది, రెండోదాంట్లో అప్పు రాష్ట్రానిది. ఈ రెంటిలో ఏది మేలన్నది ఆ మార్పు జరిగినప్పుడు సంతబొమ్మాళి మండలంలో ఏ గ్రామసభ ముందుకూ ప్రశ్నగా రావాలని చట్టం అడగలేదు.

చట్టం ఊరిని పూర్తిగా మరచిందా అంటే లేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. 2013 భూసేకరణ చట్టం, పీపీపీ ప్రాజెక్టుకు భూమి తీసుకోవాలంటే ప్రభావిత కుటుంబాల్లో 70 శాతం, ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం సమ్మతి కావాలంది. సామాజిక ప్రభావ నివేదికను స్థానిక భాషలో పంచాయతీలో ఉంచాలంది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ బహిరంగ విచారణ తప్పనిసరి చేసింది. 1894 చట్టం కింద భూమి పోగొట్టుకున్న తరాల్లో ఎక్కువమందికి ఇవేవీ లేవు. కానీ గమనించండి, ఈ హక్కులన్నీ భూమి చుట్టూ, గాలీ నీటి చుట్టూ ఉన్నాయి. ఒప్పందం చుట్టూ లేవు. గడువెంత, ఆదాయంలో సర్కారు వాటా ఎంత, రేట్లు ఎవరు కడతారు, మధ్యలో రద్దయితే ఎవరు ఎవరికి చెల్లించాలి అన్నవి ఆ విచారణల్లో చర్చకు రావు. పైగా 2018లో రాష్ట్రం తెచ్చిన సవరణ, భూమి సర్కారు పేరున ఉండే పీపీపీ ప్రాజెక్టులతో సహా పలు మౌలిక వసతుల పనులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు ప్రభుత్వానికి ఇచ్చింది. ఇచ్చిన కొద్దిపాటి చోటులో కూడా సగం మూసేశారు.

ఆ సవరణను సమర్థించేవారు జాప్యం గురించి చెబుతారు. సమ్మతి, అంచనా, విచారణ అంటూ ఏళ్లు గడిస్తే ఖర్చు పెరుగుతుంది, పెట్టుబడి వేరే రాష్ట్రానికి పోతుంది అని. జాప్యం నష్టమే. కాని ఈ తీరంలో ప్రాజెక్టులు ఆగిపోయిన చరిత్రను ఆ వాదన పక్కన పెట్టి చూడండి. సోంపేట బీలలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి సర్కారు భూములు కేటాయించింది. చిత్తడి నేల, పంట నీటికి ఆధారం, చేపలకు ఆధారం అని రైతులూ మత్స్యకారులూ అడ్డుపడ్డారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ రోజే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఏడాది తిరక్కుండా 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ ప్రాణనష్టం. తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పక్షులు మేసే, తంపర అనే చిత్తడి భూములవి. 2,640 మెగావాట్లని చెప్పిన ఆ కేంద్రం విద్యుత్తు ఇవ్వకుండానే ఆగిపోయింది. ఈ రెండూ 2013 చట్టం కన్నా ముందువి. సమ్మతి అడగడం వల్ల ఆలస్యమై ఆగినవి కావు. అడగకపోవడం వల్ల ఆగినవి. ఆ రెండు కేంద్రాలూ కాగితం మీద ప్రైవేటు వ్యాపారాలే. 2003 విద్యుత్ చట్టం ఉత్పత్తికి లైసెన్సు అవసరం లేదంది. కానీ సర్కారు భూమి, సర్కారు ఉత్తర్వు, సర్కారు పోలీసు లేకుండా అవి ఒక్క అడుగు వేసేవి కావు. పేరు పెట్టని భాగస్వామ్యాలవి. పేరు లేదు కాబట్టి అందుకు తగిన జవాబుదారీ కూడా లేకపోయింది.

నష్టం ఎవరిదన్న ప్రశ్నకు మళ్లీ వస్తాను, ఎందుకంటే 1849 నాటి హామీ చచ్చిపోలేదు, వేషం మార్చుకుంది. ప్రణాళికా సంఘం రహదారుల కోసం తయారుచేసిన నమూనా ఒప్పందం ప్రకారం, టోలు కంపెనీ తప్పువల్ల ఒప్పందం రద్దయినా, బీమా పోను మిగిలిన బ్యాంకు అప్పులో 90 శాతం సర్కారు చెల్లించాలి. సర్కారు తప్పువల్ల రద్దయితే అప్పు మొత్తంతో పాటు కంపెనీ వాటా ధనానికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. బ్యాంకులు లేనిదే ప్రాజెక్టు లేదు, హామీ లేనిదే బ్యాంకు రాదు అన్నది దీనికి చెప్పే సమర్థన. అందులో నిజముంది. అయితే ఆ ఒప్పందాల్లో ప్రకృతి వైపరీత్యాల షరతు కూడా ఉంటుంది. తుఫాను వస్తే గడువు పెరుగుతుంది, నష్టభారం పంచుకుంటారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస పక్కనే తీరం దాటింది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు లక్షల్లో నేలకూలాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. బ్యాంకు అప్పు తీసుకుని తోట వేసిన రైతు పత్రంలో ఏ వైపరీత్యాల షరతూ లేదు. అతనికి దొరికింది సర్కారు దయతలచి ప్రకటించిన పరిహారం. కంపెనీకి హక్కుగా రాసిచ్చినది రైతుకు సాయంగా అందింది. ఒకే తీరం, ఒకే గాలి, రెండు రకాల చట్టం.

భాగస్వామ్యం ఏ పనికి వస్తుందో, ఏ పనికి రాదో కూడా ఈ ప్రాంతం చెబుతుంది. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఊళ్లను తినేస్తోంది. అక్కడి మొదటి అవసరం మంచినీరు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని ఏడు మండలాల ఊళ్లకు తెచ్చిన 700 కోట్ల రూపాయల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. అవి బడ్జెట్ సొమ్ముతో వచ్చాయి. ఆ నీటికి రేటు కట్టి ముప్పై ఏళ్లు వసూలు చేసుకుంటామని ఏ కంపెనీ ముందుకు రాలేదు, వచ్చి ఉంటే అది ఘోరమయ్యేది. బొగ్గు, రేవు, టోలు ఉన్నచోటికి ప్రైవేటు పెట్టుబడి పరుగెత్తుకు వస్తుంది. అందుకని దాన్ని రావద్దనడం లేదు. ఏ ఒడ్డున ఎవరికి లాభమో తెలిసినప్పుడు బేరం కూడా తెలివిగా చేయవచ్చంటున్నాను.

ఆ బేరంలో రేట్ల సంగతి మరీ ముఖ్యం. పెద్ద రేవుల రేట్లను 1997 నుంచి ఒక నియంత్రణ సంస్థ కట్టేది, చిన్న రేవులు దాని పరిధిలోకి రాలేదు. రాష్ట్రపు కన్సెషన్ ఒప్పందాలు రేట్లు నిర్ణయించుకునే స్వేచ్ఛను ఆపరేటర్‌కే ఇచ్చాయి. పోటీ ఉంటే రేట్లు అవే దిగుతాయని అంటారు. విశాఖ, గంగవరం, ఉత్తరాన గోపాలపూర్ ఉన్నాయి కాబట్టి పెద్ద ఓడల విషయంలో ఆ మాట నిలుస్తుందేమో. పలాస జీడి వ్యాపారి, నౌపడ ఉప్పు వ్యాపారి కొన్ని కంటైనర్ల సరుకుతో మూలపేట గేటు దగ్గర నిలబడితే వారికి వంద కిలోమీటర్ల అవతలి పోటీ ఏం ఉపయోగం? 1890 చట్టం చిన్న లైను బస్తాకు ఇచ్చిన, పక్షపాతం లేకుండా అందుకునే హామీ ఇక్కడ వారికి కావాలి. బెర్తులు ఆపరేటర్లకు అప్పగించే ఒప్పందాలు ముందున్నాయి. మందస, వజ్రపుకొత్తూరు వైపు విమానాశ్రయం ప్రతిపాదన కూడా ఉంది. వాటి గడువు, వాటా, రేట్లు, రద్దు షరతులు సంతకానికి ముందే తెలుగులో గ్రామసభ ముందు పెట్టాలని, స్థానికులకు ఇచ్చే హామీలను స్థానికులే అమలు చేయించుకునే హక్కు ఒప్పందంలోనే రాయాలని అడగడానికి కొత్త సిద్ధాంతం ఏదీ అక్కర్లేదు. ఒప్పందంలో రహస్యాలుంటాయి, పోటీదారులకు తెలిస్తే నష్టమన్న జవాబు టెండరు గడిచేదాకా చెల్లుతుంది, తర్వాత చెల్లదు. టెక్కలి స్టేషను గోడ మీద చార్జీల పట్టిక తెలుగులో అతికించినందుకు ఆ చిన్న రైలేమీ ఆగిపోలేదు. అది మొదలైన నాటికి ఆ చట్టానికి పదేళ్లు, మూలపేట గేటుకు పక్కన గోడ కట్టే నాటికి నూట ముప్పై దాటాయి.